ఇంటర్ గేటు దగ్గర ఫుట్‌బాల్: బావాబామ్మర్దుల సంవాదం

పదో తరగతి ఫలితాలు వచ్చిన నాటి నుంచి ఇంటర్ తరగతులు మొదలయ్యే దాకా ఆటలాడే పిల్లలున్న ఇళ్లలో ఒకటే వాదన. కరీంనగర్ పట్నంలోనైనా, ఉట్నూర్ ఏజెన్సీ గూడెంలోనైనా మాటలు కొంచెం మారతాయి గాని ప్రశ్న మారదు. ఇక బంతి పక్కన పెట్టాల్సిందేనా?

ఇక్కడ మాట్లాడుకుంటున్నది బావా బామ్మర్దులు. వీళ్లకు పేర్లు పెట్టలేదు, ఈ వాదనకు వరసలు చాలు. బావ పుట్టింది బెల్లంపల్లి బొగ్గుబాయి కాలనీలో, ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. బామ్మర్ది ఉట్నూర్ దిక్కున ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు. వాదన బావ కూతురి గురించి. జిల్లా పరిషత్ హైస్కూల్లో పది పూర్తిచేసింది, స్కూల్ గేమ్స్ అండర్-17లో జిల్లా జట్టుకు లెఫ్ట్ వింగ్ ఆడింది. బావ ఆమెను రెసిడెన్షియల్ కాలేజీలో బైపీసీలో చేర్చాలనుకుంటున్నాడు. బామ్మర్ది వద్దంటున్నాడు.

బావ: నువ్వు నన్ను ఆటకు పగోన్ని చేసి మాట్లాడకు. మా నాయిన బాయిల పనిచేసిండు. తిలక్ స్టేడియంల ఫుట్‌బాల్ చూసుకుంటనే నేను పెరిగిన. మా క్వార్టర్ల లైన్ల ఒకాయన ఉండె. ఎడమ కాలుతోని కార్నర్ కొడితే బంతి వంగుకుంట పోయి గోల్ల పడేది. కంపెనీ జట్టుకు ఆడిండు, కోల్ ఇండియా పోటీలకు పోయిండు. చదువు ఏడుతోనే ఆగింది. ఆట బందైనంక ఆయన బతుకు ఆగమైందా అంటే కాలే. ఎందుకు కాలే? చేతిల సింగరేణి నౌకరి ఉండె. మస్టర్ పడుతుండె, క్వార్టర్ ఉండె. ఆయనను కాపాడింది ఆట కాదు, నౌకరి. 1990ల మొదట్ల సింగరేణిల లక్ష మందికి పైన పర్మినెంటోళ్లు. ఇప్పుడు 40 వేల చిల్లర. కంపెనీకి ఆడి కంపెనీల బతికే దారి సగం కూడా మిగల్లే. నా బిడ్డను ఏ దారిన పొమ్మంటవ్?

బామ్మర్ది: దారి సన్నగైందని నేనూ ఒప్పుకుంట బావా. అయితే నిజామాబాద్ మనకు ఎంత దూరం? గుగులోత్ సౌమ్య తండాల పుట్టిన పిల్ల. మొదలు పరుగు పందేలకు పోయేది, తరువాత ఫుట్‌బాల్‌కు వచ్చింది. గోకులం కేరళకు ఆడింది, దేశం జట్టుకు ఆడింది. 2022ల క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్బుల చేరింది. 2024-25ల ఈస్ట్ బెంగాల్ మహిళల లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టుల ఉన్నది, ఆ ఏడాది దేశంల ఉత్తమ క్రీడాకారిణి అని ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డిచ్చింది. మన పక్క జిల్లా పిల్ల ఇది.

బావ: ఒక్క పేరు చెప్పినవ్. రెండో పేరు చెప్పు. మూడో పేరు చెప్పు.

బామ్మర్ది: మీ కాలేజీ ఫ్లెక్సీ మీద ఎన్ని ఫొటోలుంటయి? పది, ఇరవై. లోపల చదివేటోళ్లు ఎందరు? 2024ల నీట్ రాసినోళ్లు 23 లక్షల పైన. దేశం మొత్తంల ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. మిగిలినోళ్ల లెక్క మీ ఫ్లెక్సీ మీద రాస్తరా? ఒక్క సౌమ్యను చూసి పిల్లను ఆటకు పంపుడు పిచ్చి అయితే, ఒక్క ర్యాంకును చూసి కాలేజీకి పంపుడు ఏమైతది?

బావ: లెక్క నాకే చెప్తున్నవా? సరే, ఇను. సీటు రాని పిల్ల బీఎస్సీ చేస్తది, నర్సింగ్ చేస్తది, ఫార్మసీ చేస్తది, ల్యాబ్ టెక్నీషియన్ అయితది. పడ్డా ఏదో ఒక మెట్టు మీద పడుతది. ఫుట్‌బాల్ల సీటు రాని పిల్ల ఎక్కడ పడుతది? ఇరవై రెండేండ్లకు చేతిల నాలుగు సర్టిఫికెట్లు, రెండు మెడల్సు, ఒక ఇంటర్ ఫెయిల్ మెమో. ఆ మెమో పట్టుకొని నా దగ్గరికి వచ్చినోళ్లను నేను చూసిన బామ్మర్దీ. కండ్లు ఎత్తి మాట్లాడరు.

ఇక్కడ నేను బావ పక్షమే. ఆట గొప్పదని చెప్పేవాళ్లు చాలామంది ఈ మాట దగ్గరికి రాగానే పక్కకు తప్పుకుంటారు. గెలిచినవాళ్ల కథలు చెప్పి ఓడినవాళ్లను దాటేస్తారు. చదువులో ఓడిన పిల్లకు కింద ఇంకో మెట్టు ఉంది, ఆటలో ఓడిన పిల్లకు ఆ మెట్టు ఎవరూ కట్టలేదు. బామ్మర్ది దీనికి ఏం చెబుతాడా అని చూశాను. తప్పించుకోలేదు.

బామ్మర్ది: ఆ ఇంటర్ ఫెయిల్ మెమో ఎవరిచ్చిన్రు బావా? మనమే. నా అసుంటి సార్లం పిల్లలను పోటీలకు తోల్కపోయి, వచ్చినంక 'నువ్వు ప్లేయర్‌వి, నీకెందుకురా లెక్కలు' అని నెత్తి నిమిరినం. నీ అసుంటి సార్లు 'వీడు ఆటలోడు, వీనికి రాదు' అని వెనక బెంచీకి తోలిన్రు. ఇద్దరం కలిసి పిల్లగాని చదువు చంపి నేరం బంతి మీద పెట్టినం. ఫుట్‌బాల్ ఆడేటోనికి తెలివి ఉండదని ఎవడన్నడు? ఈ దేశానికి ఫుట్‌బాల్ల దొరికిన గొప్ప బుర్ర మన హైదరాబాద్ బడిపంతులుది.

బావ: రహీం సాబ్ సంగతేనా?

బామ్మర్ది: సయ్యద్ అబ్దుల్ రహీం. 1909ల పుట్టిండు. ఉస్మానియాల బీఏ చదివిండు, ఆడిండు, బళ్లల్ల పాఠాలు చెప్పిండు, వ్యాయామ విద్యల డిప్లొమా చేసిండు. 1943ల హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950ల సిటీ పోలీసు జట్టు కోచ్. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు అయిదేండ్లు వరసగా మన పోలీసోళ్లే తెచ్చిన్రు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్ల బంగారం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఆస్ట్రేలియాను 4-2తోని ఓడగొట్టి సెమీఫైనల్, చివరికి నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్ల మన దేశం అంతకు పైకి ఇప్పటి దాకా పోలే. 1962 జకార్తాల మళ్ల బంగారం, ఫైనల్ల దక్షిణ కొరియా మీద 2-1. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. మరుసటేడు జూన్ 11న పోయిండు.

బావ: ఇవన్నీ నాకు తెల్సు. ఆయనే నా సాక్షి. మొదలు బీఏ, తరువాత బడి జీతం, ఆ తరువాత ఆట. ఆ వరస నువ్వే చెప్పినవ్.

బామ్మర్ది: వరస కాదు బావా, ఆయన బడిల ఏం చేసిండో అది మైదానంల చేసిండు. హైదరాబాద్ పిల్లలకు ఒక పోటీ పెట్టిండు: బలం లేని కాలుతోనే ఆడాలె. కుడికాలు వాటం ఉన్నోడు ఎడమతోనే కొట్టాలె. ఇంకో పోటీల బంతిని కాలు కింద పెట్టుకొని ఉరుకుడు బంద్, తాకినోడు వెంటనే పాస్ ఇయ్యాలె. ఏమైతది అప్పుడు? బంతి రాకముందే తల ఎత్తి చూడాలె, నా వాడు ఎక్కడున్నడు, ఎదుటోడు ఎక్కడికి వస్తడు అని. అది బుర్రకు పెట్టిన పరీక్ష. 1952 హెల్సింకిల మనోళ్లు కొందరు బూట్లు లేకుంట ఆడి యుగోస్లావియా చేతుల 10-1తోని ఓడిపోయి వచ్చినంక, ఆ ఓటమిని పాఠం తీరు చదివి నాలుగేండ్లల్ల సెమీఫైనల్‌కు తెచ్చిండు. బ్రెజిల్ 1958ల 4-2-4 ఆడి ప్రపంచానికి చూపియ్యకముందే ఆ పద్ధతి మనోళ్లకు నేర్పిండు. పాఠం చెప్పుడు రాని మనిషికి ఇది సాధ్యమా?

బావ: కాదు. అందుకే అంటున్న, మొదలు పాఠం నేర్వనీ.

బామ్మర్ది: నేనూ అదే అంటున్న, ఆ పాఠంల బంతి కూడా ఉన్నది!

ఇద్దరూ ఒకే మనిషిని సాక్షిగా పిలిచి రెండు తీర్పులు అడిగారు. రహీం సాబ్ జీవితం రెండింటికీ ఒప్పుకుంటుంది, ఎందుకంటే ఆయన కాలంలో మైదానం, బడి ఇంత దూరం జరగలేదు. ఒకే మనిషి పొద్దున క్లాసు చెప్పి సాయంత్రం జట్టును నడిపించే వీలుండేది. ఇన్ని చేసిన మనిషి గురించి దేశమంతా మాట్లాడుకోవడానికి 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా రావలసి వచ్చింది. ఆయన మీద ఒక పాఠం తెలుగు వాచకంలో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. బలహీనమైన కాలుతో పోటీ అనే ఆలోచన ఒక్కటి చాలు, ఆరో తరగతి పిల్లలకు ఒక గంట చెప్పడానికి.

బావ: నీకు ఇంకో మనిషిని చూపిస్త. తాలిమెరెన్ ఆవ్. నాగా కొండల పాస్టర్ కొడుకు. 1948 లండన్ ఒలింపిక్స్‌ల స్వతంత్ర భారత జట్టుకు మొదటి కెప్టెన్, ప్రారంభోత్సవంల దేశం జెండా మోసిండు. ఆర్సెనల్ క్లబ్బు పిలిచినా వద్దని వచ్చిండని చెప్తరు. ఎందుకు? డాక్టర్ కావాలన్నది చనిపోయిన తండ్రి కోరిక. ఎంబీబీఎస్ అయిపోయినంక తన కొండలకు పోయి వైద్యం చేసిండు, నాగాలాండ్ ఆరోగ్యశాఖ డైరెక్టర్‌గా రిటైరైండు. ఆట మీద ప్రేమ లేకనా? ఏది మొదలో, ఏది తరువాతో తెలిసినోడు.

బామ్మర్ది: సగం చెప్పి ఆపినవ్. కలకత్తాల కార్మైకేల్ మెడికల్ కాలేజీల చదువుకుంటనే మోహన్‌బగాన్‌కు ఆడిండు, ఆ జట్టుకు కెప్టెన్ అయిండు. మీ అసుంటి కాలేజీల చేరి ఉంటే మొదటి నెలల్నే బూట్లు గుంజుకొని పెట్టెల పెట్టి తాళం వేసేటోళ్లు. మనకు కెప్టెనూ ఉండకపోవు, అటు డాక్టరూ ఉండకపోవు. బ్రెజిల్ సోక్రటీస్ కూడా అంతే. మెడిసిన్ పట్టా చేతిల పట్టుకున్నడు, 1982 ప్రపంచ కప్‌ల దేశానికి కెప్టెన్ అయిండు. వాళ్లను ఎవరూ ఏదో ఒకటి ఇడిసిపెట్టుమని గోడకు నెట్టలే.

బావ: సోక్రటీస్ నూరేండ్లకు ఒకడు. నా బిడ్డ మామూలు పిల్ల. మామూలు పిల్లకు రెండు పడవలు ఎట్ల నడుస్తయి? పొద్దుగాల గ్రౌండ్‌కు పోయి, అలిసి వచ్చి, జువాలజీ పుస్తకం తెరిస్తే ఏం ఎక్కుతది? ఇంకోటి. మోకాలు పోతే? నీ మోకాలే అడుగు, చెప్తది.

బామ్మర్ది కాసేపు మాట్లాడలేదు. బావ కూడా తొందరపెట్టలేదు.

బామ్మర్ది: కాకతీయ యూనివర్సిటీ జట్టుకు ఆడిన ఏడాది మోకాలు తిరిగింది. నల్లరేగడి గ్రౌండ్, ఎండకు పగుళ్లు పట్టి ఉండె. పగులుల స్టడ్ ఇరుక్కున్నది, కాలు ఆగింది, మీది ఒళ్లు తిరిగింది. లిగమెంట్ తెగింది. నొప్పి నెలల్ల పోయింది బావా. పోనిది వేరే ఉన్నది. పొద్దుగాల నాలుగున్నరకు తెలివి వస్తది, పోవుటానికి జాగ లేదు. ఊర్ల నన్ను పేరు పెట్టి పిలిచేటోళ్లు కాదు, 'పదో నంబర్' అని పిలిచేది. ఆ నంబర్ పోయినంక నేను ఎవన్ని? ఇరవై ఒక్క ఏండ్లకు ముసలోని లెక్క కూసున్న. బీపీఈడీ సీటు వచ్చింది కాబట్టి లేచిన. ఆ సీటు ఎందుకొచ్చింది? డిగ్రీ పాసై ఉన్న కాబట్టి. అక్క దినాం నాకు పుస్తకం ముందట పెట్టి కూసునేది కాబట్టి పాసైన. నువ్వు గెలిచినవ్ అనుకో ఇక్కడ.

బావ: గెలుపు సంగతి కాదు. ఆడపిల్లలకు ఆ మోకాలి దెబ్బ ఇంకా ఎక్కువని నువ్వే చెప్పినవ్ ఓపాలి.

బామ్మర్ది: ఎక్కువే. మొగోళ్లతోని పోలిస్తే రెండింతలకు పైన అని డాక్టర్లు చెప్తరు. అయితే దానికి మందు కూడా వాళ్లే చెప్పిన్రు. వార్మప్ సక్కగ చేపిస్తే, తొడ వెనక కండరాలకు బలం పెంచితే, దూకి దిగుడు నేర్పితే సగం దెబ్బలు ఆగుతయి. ఫిఫా ఒక ఇరవై నిమిషాల పద్ధతి తయారుచేసి పెట్టింది, పైస ఖర్చు లేదు. నేను మా ఆశ్రమ పాఠశాల పిల్లలకు దినాం చేపిస్త. నాకు ఆ దినాల చెప్పినోడు లేడు. భయంతోని ఆట మాన్పుడు వేరు, దెబ్బ తగలకుంట ఆడిపిచ్చుడు వేరు.

బావ: దెబ్బ తగలలేదే అనుకో. ఎంత పెద్దగ ఆడినా ఆ క్లబ్బులను నమ్ముకోవచ్చునా? హైదరాబాద్ ఎఫ్‌సీ 2019ల పుట్టింది. 2022 మార్చిల కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలల్ల ఓడగొట్టి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మనోళ్లు పటాకులు కాల్చిన్రు. తరువాత? జీతాలు ఆగినయి, ఆటగాళ్లు ఒకరి వెనక ఒకరు పోయిన్రు, కొత్తోళ్లను తీసుకోవద్దని ఫిఫా నిషేధం పెట్టింది. 2025ల క్లబ్బే ఢిల్లీకి పోయి పేరు మార్చుకున్నది. దేశం చాంపియన్ జట్టుల ఉన్నోనికే జీతం గ్యారంటీ లేకుంటే, కరీంనగర్ల లెఫ్ట్ వింగ్ ఆడే పిల్లకు ఏం గ్యారంటీ?

బామ్మర్ది: గ్యారంటీ లేదు. అబద్ధం ఎందుకు చెప్త? ఆడిన పైసలతోని జీవితమంతా బతికే ఆడపిల్లలు ఈ దేశంల ఎందరుంటరు, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమెరికాల కాలేజీ ఆటగాళ్లకు కోట్ల డాలర్ల స్టేడియాలున్నయి, అక్కడ కూడా కాలేజీల నుంచి ప్రొఫెషనల్ ఆటకు పోయేది నూటికి ఇద్దరు కూడా కారు. మిగిలినోళ్లు డిగ్రీతోని బతుకుతరు. నేను ఆమె ఆడి బతుకుతదని అంటలేను. ఆడినందుకు ఇంకో తీరు బతుకుతది అంటున్న. రహీం సాబ్ కొడుకునే చూడు, సయ్యద్ షాహిద్ హకీం. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టుల ఉండె. ఆ తరువాత? ఎయిర్‌ఫోర్స్‌ల స్క్వాడ్రన్ లీడర్. ఫిఫా రెఫరీ. కోచ్. స్పోర్ట్స్ అథారిటీల అధికారి. 2017ల ధ్యాన్‌చంద్ అవార్డు. 2021ల చనిపోయేదాకా ఆ మనిషికి ఫుట్‌బాల్ల పని లేకుంట ఒక దినం లేదు. ఆడింది కొన్నేండ్లు, ఫుట్‌బాల్‌తోని బతికింది అరవై ఏండ్లు.

బావ: ఆయన తండ్రి రహీం సాబ్. నా బిడ్డ తండ్రి లెక్కల సారు.

బామ్మర్ది: నీ బిడ్డకు లెక్కలు వచ్చు అది మంచిదే కదా. ఇయ్యాల జట్టుకు డాక్టర్ కావాలె, ఫిజియో కావాలె, ఆటను వీడియోల కోసి లెక్కలు తీసేటోళ్లు కావాలె. బైపీసీ చదివి ఫిజియోథెరపీ చేసిన పిల్ల, తానే ఆడిన పిల్ల, మోకాలు అంటే ఏందో తెలిసిన పిల్ల మన జిల్లాల ఒక్కతి ఉన్నదా? మా ఏజెన్సీల ఆటలోళ్లకు కాలు బెణికితే ఇప్పటికీ పసరు కట్టుకుంటరు.

బావ: ఇది ఒక మాట. ఇది నాకు ఎక్కింది. మరి సర్కారు నౌకర్లు? స్పోర్ట్స్ కోటా అని అందరు గొప్పగ చెప్తరు. ఉద్యోగాలల్ల 2 శాతం, ఇంజనీరింగ్ సీట్లల్ల 0.5 శాతం. పీఈటీ పోస్టులు? 2024 డీఎస్సీల 11,062 పోస్టులు పడితే పీఈటీలు 182. రాష్ట్రం మొత్తానికి! బీపీఈడీ, డీపీఈడీ చేసినోళ్లు ఎందరు కాచుకొని ఉన్నరో నీకే ఎరుక.

బామ్మర్ది: ఎరుకే. ఆ 182 చూసినప్పుడు నాకు కోపమొచ్చింది. పిల్లలకు ఆట చెప్పేటోడు వద్దని సర్కారు అనుకున్నట్టే. అయితే కోటా ఒక్కటే దారి కాదు. పోలీసు కానిస్టేబుల్ పరీక్షల ఆడపిల్లలు 800 మీటర్లు ఉరకాలె, మొగపిల్లలు 1600. చదువుకున్న పిల్లలు చానమంది అక్కడనే ఆగిపోతరు. నా దగ్గర ఫుట్‌బాల్ ఆడిన పిల్లలకు 800 మీటర్లు వార్మప్. రాత పరీక్ష పాస్ కావాలె, అంతే. అందుకే పొద్దుగాల గ్రౌండ్ అయినంక సాయంత్రం నేనే లెక్కలు చెప్పిస్తున్న, తెలుసా? మీ పుస్తకాలే తెచ్చి.

బావ: నువ్వా? లెక్కలా?

బామ్మర్ది: నేను చెప్ప, మా లెక్కల మేడంతోని చెప్పిస్త. బావా, మా దగ్గరి సంగతి నీకు ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వది. గోండు పిల్లలు, కోలాం పిల్లలు, లంబాడోళ్ల పిల్లలు. పదో తరగతి అయితే పెండ్లి మాట మొదలైతది. ఆట ఆడే పిల్లకు ఆ మాట రెండు మూడేండ్లు ఎనకకు జరుగుతది. జట్టు బస్సెక్కి ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంకు పోతది, అక్కడి నుంచి హైదరాబాద్ పోతది. రైలు టికెట్ చూసుడు నేర్చుకుంటది, బ్యాంకు ఖాతా తెరుస్తది, కొత్త మనుషుల ముందట నిలబడి మాట్లాడుడు నేర్చుకుంటది. ఆ పిల్ల దేశానికి ఆడదు. ఏఎన్ఎం అయితది, అంగన్‌వాడీ టీచర్ అయితది, కానిస్టేబుల్ అయితది. ఫుట్‌బాల్ లేకుంటే ఆ పిల్ల గూడెం దాటి రాకపోవు. ఆట తరువాత జీవితం అంటున్నవ్ కదా, మా దగ్గర చానమందికి ఆటతోనే జీవితం మొదలైతది.

ఈ మాటకు బావ దగ్గర జవాబు లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. పట్నంలో మధ్యతరగతి ఇంటికి ఫుట్‌బాల్ అంటే చదువులోంచి పోయే గంట. ఆశ్రమ పాఠశాల పిల్లకు అది చదువు ఆగకుండా పట్టుకున్న తాడు. ఒకే ఆట రెండు జిల్లాల్లో రెండు పనులు చేస్తుంది. వాదనలు ఎక్కువగా చెడేది ఇక్కడే, కరీంనగర్ తండ్రి భయాన్ని ఉట్నూర్ పిల్లకు అంటగట్టినప్పుడు, ఉట్నూర్ సారు ఆశను కరీంనగర్ తండ్రి మీద రుద్దినప్పుడు.

బావ: సరే. నీ మాట ఇన్న. ఇప్పుడు నా కష్టం నువ్వు ఇను. నేను పనిచేసే కాలేజీ నాలుగంతస్తుల బిల్డింగ్. గ్రౌండ్ లేదు. పొద్దుగాల ఆరింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి బంద్. ఆదివారం పరీక్ష. నా బిడ్డను ఆడిపియ్యాలని నేను అనుకున్నా ఏ జాగల ఆడాలె? ఏ గంటల ఆడాలె? పట్నంల చాన కాలేజీలు ఇట్లనే ఉన్నయి. సీటు ఇచ్చుడే ఆట మానేస్తదన్న లెక్క మీద ఇస్తరు. నువ్వు నాతోని కొట్లాడుతున్నవ్. కొట్లాడాల్సింది ఆ టైంటేబుల్‌తోని.

బామ్మర్ది: ఈ మాట పొద్దటి నుంచి ఎందుకు అనలేదు బావా?

బావ: ఆ టైంటేబుల్ ఏసేది మేమే కాబట్టి.

బామ్మర్ది: అయితే ఇంకో ముచ్చట ఇను. మీ కాలేజోళ్లు దినాం ఐఐటీ, ఐఐటీ అంటరు కదా. ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి ఆటలోళ్లకు వేరే సీట్లు పెట్టింది. ఒక్కో కోర్సుల రెండు సీట్లు, అందుల ఒకటి ఆడపిల్లకు. జేఈఈ అడ్వాన్స్‌డ్ పాస్ కావాలె, ఆటల జాతీయ స్థాయి ఉండాలె. ఐఐటీయే ఆటలోళ్లను రమ్మని పిలుస్తుంటే, ఐఐటీ పేరు చెప్పి ఆట మాన్పుతున్నరు మీరు.

బావ: రెండు సీట్లతోని ఊరు మారదు.

బామ్మర్ది: మారదు. అయితే గేటు తెరిచిన్రు కదా.

బావ: నా షరతు చెప్త. రెసిడెన్షియల్ వద్దు, ఒప్పుకుంటున్న. గ్రౌండ్ ఉన్న సర్కారు జూనియర్ కాలేజీల బైపీసీ, ఇంట్ల నుంచే పోయివస్తది. పొద్దుగాల గంటన్నర అంబేద్కర్ స్టేడియం, నేనే తోల్కపోత. సాయంత్రం నా దగ్గర కూసుంటది. రాష్ట్ర పోటీలకు పోతది, అయితే పుస్తకం సంచిల పెట్టుకొని పోతది. ఫస్ట్ ఇయర్ల ఒక్క సబ్జెక్ట్ తప్పినా మళ్ల మాట్లాడుకుందాం.

బామ్మర్ది: నా షరతు కూడా ఇను. మార్కులు తగ్గిన ప్రతిసారీ ఆట మీద నేరం పెట్టొద్దు. ఆడని పిల్లలకు కూడా మార్కులు తగ్గుతయి. ఇంకోటి, ఎండకాలం సెలవులల్ల నెల దినాలు నా దగ్గరికి తోలు. మా పిల్లలకు నీ బిడ్డ జువాలజీ చెప్తది, మా పిల్లలు నీ బిడ్డకు కుడికాలు నేర్పుతరు. ఆమె కుడికాలు ఒట్టిది బావా, నువ్వు చూస్తలేవు.

బావ: కుడికాలు సంగతి నాకు తెల్వదు. తోలుత.

ఈ ఇద్దరి ఒప్పందం ఒక ఇంటికి సరిపోతుంది. సొంతంగా లెక్కలు చెప్పగల తండ్రి, మైదానం తెలిసిన మేనమామ ఎంతమంది పిల్లలకు ఉంటారు? రాష్ట్ర ప్రభుత్వం హకీంపేటలో, కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో క్రీడా పాఠశాలలు పెట్టి చిన్నతనం నుంచి పిల్లల్ని తయారుచేస్తోంది, ఆసిఫాబాద్‌లో గిరిజన పిల్లలకు ప్రత్యేకంగా ఒకటి నడుపుతోంది. అయిదారేళ్లు తిండి పెట్టి, బట్టలిచ్చి, శిక్షణ ఇచ్చిన పిల్లను పదహారో ఏట మైదానం లేని నాలుగంతస్తుల భవనానికి అప్పజెప్పడం ప్రజల సొమ్మును పారబోయడమే. ఆట తరువాతి జీవితం ముప్పై అయిదో ఏట మొదలవుతుందని మనం అనుకుంటాం. మన జిల్లాల్లో ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా అది ఇంటర్ మొదటి సంవత్సరం జూన్‌లోనే తేలిపోతోంది. ఆ వయసులో రెండూ చేతిలో ఉంచుకున్న పిల్ల తరువాత డాక్టరవుతుందో, ఫిజియో అవుతుందో, రెఫరీ అవుతుందో, కానిస్టేబులవుతుందో ఆమే చూసుకుంటుంది.

ఇంటర్ బోర్డుకు, కాలేజీల యాజమాన్యాలకు నా విన్నపం ఇది. ప్రతి జూనియర్ కాలేజీ టైంటేబుల్లో రోజుకు ఒక గంట మైదానం ఉండాలి. సొంత మైదానం లేని కాలేజీ పక్కనున్న ప్రభుత్వ బడితోనో స్టేడియంతోనో ఒప్పందం చేసుకోవాలి. రాష్ట్ర, జాతీయ పోటీలకు పోయిన రోజులను హాజరుగా లెక్కించాలి, ఆ రోజుల్లో తప్పిన పరీక్షను తిరిగి పెట్టాలి. తల్లిదండ్రులు కూడా ఒక పని చేయవచ్చు. ఈ జూన్‌లో పిల్లను చేర్చడానికి వెళ్లినప్పుడు ఫీజు ఎంత అని అడిగే ముందు, మీ మైదానం ఎక్కడుంది, పిల్లలు అక్కడికి ఏ గంటకు పోతారు అని అడగండి.